కెంచమ్మ తోమిన అద్దాలు

"నువ్వు రేపు హొసకోట సభకు రావాల వదినా. వచ్చి రెండే రెండు మాటలు చెప్పాల," అన్నాడు అమరనాథ్, అప్పటికి నాలుగోసారి.

"అది యాడికీ రాదు," అన్నాడు హనుమంతరాయుడు, అప్పటికి ఐదోసారి.

అన్నదమ్ములిద్దరూ ఒకే గడపలో నిలబడి, ఒకే చెంబులో నీళ్ళు తాగుతూ పోట్లాడుకుంటున్నారు. ధనలక్ష్మి పొయ్యి ముందు కూర్చుని రాగిముద్ద గెలుకుతోంది. మొగుడూ మరిదీ తన గురించే అరుచుకుంటున్నా ఆమెకు ఉలుకూ పలుకూ లేదు.

ప్యానెళ్ళు కడిగే పని ఆగిపోయి పన్నెండు రోజులైంది. ధనలక్ష్మి సంఘంలో ఆమెతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్ళు. మూడేళ్ళుగా తిరుమణి వైపు సోలారు పార్కులో ఒక కంపెనీ బ్లాకును వాళ్ళే కడుగుతూ వచ్చారు. సొంత ట్రాక్టరు, సొంత ట్యాంకరు, వీపు మీద సంఘం పేరు రాసిన నారింజ రంగు జాకెట్లు. అద్దాలు పాడుచేశారంటూ ఒకనాడు పొద్దున గేటు దగ్గరే ఆపేశారు. శుక్రవారం బెంగళూరు నుంచి పెద్ద ఆఫీసరు వస్తాడు, సంఘం జవాబు రాసిస్తే చూస్తాడు. ఆ జవాబును బట్టి పని ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

శుక్రవారమంటే రేపే. హొసకోటలో అమరనాథ్ పార్టీవాళ్ళ సభ కూడా రేపే.

"ఈ సంఘం యాడనుంచి వచ్చిందన్నా?" అమరనాథ్ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "తరబేతి ఇచ్చి పని నేర్పిచ్చింది సర్కారు. ట్యాంకరుకు సబ్సిడీ ఇచ్చింది సర్కారు. బోరునీళ్ళలో ఉప్పు తీసే ఫిల్టరు పెట్టిచ్చింది సర్కారు. ఊరోళ్ళకే పని ఇయ్యాలని కంపెనీకి చెప్పింది గూడా సర్కారే. అంతా మావాళ్ళు ఉన్నప్పుడు వచ్చిందే. ఇప్పుడుండేవాళ్ళు పట్టిచ్చుకోలే, కంపెనీవాళ్ళు మెడపట్టి తోసినారు. చిన్నోడు లేసి నిలబడాలంటే సర్కారు చెయ్యి పట్టుకోవాల. ఇదే మాట వదిన మైకులో చెప్తే..."

"నీ సర్కారు తెల్లారుజామున లేసి ఆ అద్దాలు తుడిసిందా?" హనుమంతరాయుడు చెంబు ఠంగుమని పెట్టాడు. "నా పెండ్లాం తుడిసింది. ఆ ఫిల్టరు మీద మీవాళ్ళ పేర్లు రాసిన బోర్డు ఫిల్టరుకన్నా పెద్దది. అది చెడిపోతే పందొమ్మిది దినాలు ఒక్క నాకొడుకు రాలే. సర్కారు తోవకు అడ్డం లేకుంటే చాలు, కష్టపడేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బతుకుతారు. మా సభ ఆదివారం ఉండాది. చెప్తే ఆడ చెప్పాల."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఈ ఇంట్లో అడిగేవాళ్ళు ఇద్దరు.

"నువ్వే చెప్పు వదినా. సర్కారు లేకుంటే నువ్వు ఇంతదానివి అయ్యుంటావా?"

"ముద్దలు ఆరిపోతాయి. తట్టలు తెచ్చుకోండి," అంది ధనలక్ష్మి.

పెరట్లోంచి బిందె తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. అత్త కెంచమ్మ. అరవై దాటినా సంఘంలో ఎనిమిదో మనిషి ఆమే. ఇంట్లో మూడు ఇత్తడి బిందెలున్నాయి. వాటిని ఇంకొకరు ముట్టుకుంటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. చింతపండు పిసికి, బూడిద అద్ది, కొబ్బరిపీచుతో ఎడమచేత్తో తోముతుంది. ఎడమచెయ్యి వాడగూడదని చిన్నప్పుడు వాతలు పెట్టినా ఆ చెయ్యి మారలేదు.

"అసలు కంపెనీవాళ్ళ లెటరు ఇంటివా అన్నా?" అమరనాథ్ జేబులోంచి కాయితం తీశాడు. "నిన్న పావగడలో లాయరు చేత చదివిచ్చినాను. ఎంత కట్టుకథ అల్లినారో చూడు. అద్దం మీద సన్న పూత ఉంటాదంట, అది చెరిగిపోయిందంట. గుండ్రంగా గీతలంట. ల్యాబులో చూస్తే ఏం తగిలిందంటావు? బూడిదంట! చింతపండు పులుపంట!"

పళ్ళెంలో ముద్ద పెడుతున్న ధనలక్ష్మి చెయ్యి ఆగిపోయింది.

"అమరా, ఆ కాయితం లోపల పెట్టు," అంది.

"ఉండు వదినా, నవ్వుకోనీ. ఎవరన్నా కరెంటు అద్దాన్ని చింతపండేసి తోముతారా? తలకాయ ఉండే మనిషి చేసే పనేనా ఇది?"

హనుమంతరాయుడికి కూడా నవ్వొచ్చింది. "తిక్కముండ గూడా చెయ్యదు," అన్నాడు.

ఆరేళ్ళ తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒక మాట మీద కలిశారు. ఇద్దరూ గట్టిగా నవ్వారు. ఆ నవ్వు ఆగేసరికి పెరట్లో బిందె చప్పుడు కూడా ఆగి ఉంది.

కెంచమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. మోచేతి దాకా చింతపండు రసం, దాని మీద బూడిద.

"అమరా, మల్లొకసారి సదువు నాయనా," అంది.

"ఏందిమా?"

"యాడ అద్దాలంట అవి?"

"ఏడో వరస నుంచి తొమ్మిదో వరస దాకా అంట. నూట నలభై."

"అంటే మన ఎర్రచేను." కెంచమ్మ తన చేతికేసి చూసుకుంది. "నేనే తోమినాను."

అమరనాథ్ కాయితాన్ని కిందికి దించాడు.

"తుడిస్తే పోలేదప్పా ఆ తెల్లమరకలు," అంది కెంచమ్మ, ఎవరో అడిగినట్టు. "మూడు దినాలు అందరికన్నా ముందే పోతా ఉంటిని. బూడిద జల్లించినాను, మైదాపిండి మాదిరి, ఒక్క రాయి లేకుండా. మన చేన్లో ఉండే సామాను మనం మెరిపిచ్చుకోకుంటే ఎవరు మెరిపిస్తారు? మెరిసినాయి గూడా. నా మొగం నాకే కనపడింది."

ఆ ఎర్రచేను ఇప్పుడు లీజులో ఉంది. కెంచమ్మ కాపురానికి వచ్చిన ఏడాది నుంచి అక్కడ వేరుశనక్కాయ కలుపు తీసింది. కంపెనీ కంచె వేసినా, అద్దాలు నిలబెట్టినా, ఆమె "చేనికి పోతా ఉండా" అనేదే తప్ప "పనికి" అని ఏనాడూ అనలేదు.

"అమ్మా!" హనుమంతరాయుడి గొంతు పగిలింది. "ఎంత పని చేస్తివే! ఎవర్నన్నా అడగొద్దా?"

"నీ బోరు నీళ్ళతోనే కదన్నా మరకలు పడింది!" అమరనాథ్ అందుకున్నాడు. "మా బోరునీళ్ళు కొబ్బరినీళ్ళ మాదిరి ఉంటాయని ట్యాంకరు నింపిచ్చింది ఎవరు?"

"ఫిల్టరు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే వారంటీ పోతాది, నేను డిపార్టుమెంటు మనిషిని పంపిస్తానని చెప్పింది ఎవరు? వచ్చినాడా నీ మనిషి?"

తిలాపాపం తలా పిడికెడు. ఫిల్టరు ఇచ్చిన చేతులు బాగుచేయడానికి రాలేదు. ఎవరి సాయమూ అక్కర్లేదన్న పెద్దమనిషి ఉప్పునీళ్ళు పోశాడు. ఎవరి వాటా వాళ్ళకు తెలుసు కాబట్టే ఎదుటివాడి వాటా గురించి అంత గట్టిగా అరిచారు.

ముందుగా తేరుకున్నది అమరనాథే. "ఇది గడప దాటి పోగూడదు," అన్నాడు.

"పోగూడదు," అన్నాడు హనుమంతరాయుడు. ఒకే పూటలో రెండోసారి కలిశారు.

కెంచమ్మ కొడుకులిద్దరినీ చూడనే లేదు. కోడలినే చూస్తోంది. ఇంత పెద్ద సంగతి విని కూడా ధనలక్ష్మి ముఖంలో ఆశ్చర్యం లేదు. అది ముసలామె కళ్ళకు దొరికిపోయింది.

"లచ్చిమీ, నీకు ముందే తెలుసునా?"

ధనలక్ష్మి తెడ్డు కింద పెట్టి తల వంచుకుంది.

మధ్యాహ్నానికి మగవాళ్ళు చెరో దిక్కుకు పోయారు. కెంచమ్మ ముద్ద ముట్టలేదు. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ధనలక్ష్మి పళ్ళెం తెచ్చి పక్కన పెట్టింది. అందులో ఊరిబిండి పచ్చడి కూడా ఉంది, అత్తకు ఇష్టమని.

"ఎన్ని దినాలైంది నీకు తెలిసి?"

"పన్నెండు."

గేటు దగ్గర ఆపిన రోజే సూపర్‌వైజరు భరత్‌కుమార్ ఆమెను పక్కకు పిలిచి ఫోనులో ఫొటో చూపించాడు. పక్కనున్న రాయచెర్లు ఊరి పిల్లవాడు, అక్కా అక్కా అని చనువుగా ఉంటాడు. అద్దం మీద చుట్టలు చుట్టలుగా గీతలు, అన్నీ ఎడమ వాటానికి తిరిగినవి. పంతొమ్మిదేళ్ళుగా బిందెల మీద చూస్తున్న చెయ్యి అది. పేరు అడగనక్కర్లేకపోయింది. "ఎవరు చేసింది, ఎట్ల చేసింది తేలకుంటే హెచ్చరిక రాసి మల్లా పని ఇస్తారక్కా. మా సారు చెడ్డోడు కాదు," అని భరత్‌కుమార్ గుసగుసగా చెప్పాడు. ఆ ఒక్క ఆశను కొంగున కట్టుకుని ఆమె పన్నెండు రోజులుగా నోరు కుట్టేసుకుంది. ఎట్ల జరిగిందో మాకు తెలీదు అని జవాబు కూడా రాయించి పెట్టెలో పెట్టింది.

"పన్నెండు దినాలు," అంది కెంచమ్మ. "నా చేతి ముద్ద తింటివి. నా తలకు నూనె పెడ్తివి. ఒక్క మాట అనలేదే."

"అంటే నువ్వు కుమిలిపోతావని అత్తా."

"ఇప్పుడు కుమల్లేదా?"

"రేపు ఒక్క దినం గడిసిపోతే..."

"నన్ను తిట్టింటే బాగుండు లచ్చిమీ." కెంచమ్మ కళ్ళలో నీళ్ళు లేవు. అది చూసే ధనలక్ష్మికి భయమేసింది. "నువ్వు కొత్తగా వచ్చినప్పుడు పాలు పొంగిస్తే నేను నిన్ను తిట్టలేదా? నెత్తిన మొట్టలేదా? మన మనిషినైతే తిడతాం. పరాయోళ్ళనైతే పాపమని గమ్మునుంటాం. నన్ను పరాయిదాన్ని చేసినావు."

ధనలక్ష్మి అత్తకు దగ్గరగా జరిగింది. అత్త కాళ్ళు పట్టుకోవాలనిపించింది. ఆ కాళ్ళు పట్టుకుంటే అసలు మాట కూడా చెప్పాలి. అసలు మాట ఏమిటంటే, మరకలు మొదలెట్టింది బోరునీళ్ళు కావచ్చు, తోమింది కెంచమ్మ కావచ్చు. తోమించింది మాత్రం తానే.

ఉగాది ముందు వారం. సోమవారం ఇన్‌స్పెక్షన్ అన్నారు. ఎంత తుడిచినా తెల్లమరకలు పోవడం లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆ విసుగులో ధనలక్ష్మి మిగతా ఏడుగురినీ నిలబెట్టి అరిచింది: "ఏం చేస్తారో, ఎట్ల చేస్తారో నాకు తెలీదు. సోమవారానికి ఆ మరకలు కనపడగూడదు!" ఆరుగురు మొహాలు ముడుచుకుని వెళ్ళిపోయారు. కెంచమ్మ ఒక్కతే "సరేమ్మా" అంది. కోడలు చెప్పిన పని చేయడం ఆమెకు అప్పటికి మూడేళ్ళ అలవాటు. నా కోడలే మా మేస్త్రీ అని ఊరంతా చెప్పుకు తిరిగేది.

"అత్తా, ఆ పొద్దు నేను..." అని మొదలుపెట్టింది ధనలక్ష్మి.

కెంచమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "తీసుకొని పో ఆ తట్ట. ఈగలు వాల్తా ఉండాయి."

మర్నాడు పొద్దున ధనలక్ష్మి పెరట్లోకి వెళ్ళేసరికి బిందెలు మూడూ బోర్లించి ఉన్నాయి. తోమలేదు. ఆమె ఈ ఇంటికి వచ్చాక ఆ బిందెలు తోమకుండా తెల్లారిన రోజు లేదు. లోపలికి పరుగెత్తి చూస్తే చాప చుట్టి ఉంది. గోడ మేకుకు వేలాడే నారింజ జాకెట్ లేదు.

వీధిలో ఓబులేశ్ షేరు ఆటో అప్పుడే తిరిగి వచ్చి ఆగింది.

"మీ అత్తనా? తిరుమణి గేటు కాడ దింపొచ్చినాను కదక్కా," అన్నాడు. "పని మల్లా మొదలైందా అంటే నవ్వింది. ఒళ్ళో ఏందో మూట పెట్టుకోనుండాది."

"ఆటో తిప్పు," అంది ధనలక్ష్మి. జవాబు కాయితం పెట్టెలోనే ఉండిపోయింది.

దారి పొడుగునా రెండు పక్కలా అద్దాలు. పొద్దు వాటి మీద పడి కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది. ఎర్రచేను ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కొత్తవాళ్ళకు తెలియదు. ధనలక్ష్మికి తెలుసు. అక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ తల తిప్పి చూసేది. ఇవాళ చూడలేదు.

గేటు పక్కన సెక్యూరిటీ గది. లోపల ప్లాస్టిక్ కుర్చీలో కెంచమ్మ కూర్చుని ఉంది. జాకెట్ గుండీలన్నీ పెట్టుకుంది, మెడలో పాత గుర్తింపు కార్డు. కాళ్ళ దగ్గర విప్పిన మూటలో చింతపండు, బూడిద, కొబ్బరిపీచు. కిటికీ అద్దం మీద అరచేతి మేర గుండ్రంగా తడి ఇంకా ఆరలేదు.

"నమ్మరేమోనని అన్నీ తెచ్చినాను," అంది కెంచమ్మ కోడల్ని చూసి. నిన్నటి ముఖం కాదది. బిడ్డ బడిలో బహుమానం తెచ్చుకున్న తల్లి ముఖంలా ఉంది. "పెద్దసారు వచ్చినాడు. ఎట్ల తోమినావో చూపీమన్నాడు. ఆ కిటికీ మీద చూపిచ్చినాను. ఫోనులో గూడా పట్టుకున్నారు. మంచోడు లచ్చిమీ, కూచోమని కుర్చీ ఏపిచ్చినాడు. ఏలిముద్ర గూడా ఏసినాను."

ఎడమ బొటనవేలు నీలంగా ఉంది. కొంగుతో తుడుచుకుంటే కొంగుకు కూడా అంటింది.

"ఇంక నీ మీద మాట లేదు. నీకు పని ఇస్తారులే."

ధనలక్ష్మి వెనక్కి తిరిగింది. భరత్‌కుమార్ హెల్మెట్ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేక నేలకేసి చూశాడు.

"నేను వద్దంటిని అక్కా. ఆ యమ్మ ఇనలే, నేరుగా సారు కారుకు అడ్డం పోయి నిలబడింది." ఒక కాయితం ముందుకు చాపాడు. కన్నడంలో నాలుగే వరుసలు. "ఇప్పుడు ఇది ఒక్కటే తోవ. ఆ యమ్మ తనంతట తానే చేసింది, సంఘం లీడరుగా నాకు తెలీదు, నేను చెప్పలేదు అని నువ్వు సంతకం పెట్టాల. పెడితే మీ ఏడుగురికీ సోమవారం నుంచి పని. ఆ యమ్మ మీద కేసు పెట్టరు, కానీ మల్లా ఈ గేటు లోపలికి రానీరు."

"పెట్టకుంటే?"

"లీడరు చెప్తేనే చేసినారని రాసుకుంటారు. సంఘాన్నే తీసేస్తారు. ఇంగ ఏ కంపెనీ గూడా పిలవదు."

ధనలక్ష్మి రవికలో దోపుకున్న ఫోను మోగింది. అమరనాథ్. సభలో మైకు సిద్ధంగా ఉండి ఉంటుంది. ఈ పనిని నిలబెట్టిందెవరు, పడగొట్టిందెవరు అని అక్కడ తేలుస్తారు. ఆదివారం ఇంకొకచోట ఇంకోలా తేలుస్తారు. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

ధనలక్ష్మి అత్త ముందు నేల మీద కూర్చుంది. నీలం అంటిన ఆ బొటనవేలిని తన చేతిలోకి తీసుకుంది. ఎర్రచేనికి పోవడానికి ఆ చేతికి ఉన్న దారి ఈ ఒక్క గేటే.

"అత్తా, ఉగాది ముందు ఆ మరకలు చూసి నేను మీ అందరితో ఏమన్నానో గుర్తుండాదా?"

కెంచమ్మ చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. గుర్తుందని ఆ చెయ్యే చెప్పింది.

"లేదు," అంది కెంచమ్మ.

"నేను అన్నాను అత్తా. ఏం చేస్తారో, ఎట్ల చేస్తారో..."

"నువ్వు ఏమీ అనలే!" కెంచమ్మ గొంతు పెరిగింది. నిన్నటి నుంచి దాచుకున్న తిట్టు ఇప్పుడు బయటికొచ్చింది. "నోరు ముయ్యవే మూదేవీ! నాకు గుర్తు లేదంటే నీకు గుర్తు లేదు. ఆ ఆరుగురి కడుపులు కొడతావా? పెట్టు సంతకం!"

తిట్టింది. తన మనిషే కాబట్టి తిట్టింది. ధనలక్ష్మికి ఏడుపు ఆగలేదు.

భరత్‌కుమార్ కాయితాన్ని బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను పెట్టాడు. కెంచమ్మ లేచి, ఆ పెన్ను తీసి కోడలి చేతిలో పెట్టి, వేళ్ళు తానే మూసింది.

ధనలక్ష్మి కాయితం చదవడం మొదలుపెట్టింది. మూడో వరుసలో "నేను చెప్పలేదు" అని ఉంది. ఆమె అక్కడ ఆగింది.